వీధి మలుపు దాకా

ప్రియమైన నా గడుగ్గాయికి,

నీ ఉత్తరం అందినప్పటి నుంచీ నా కాలు ఒక చోట నిలవడం లేదంటే నమ్ము. చెప్పుల షాపు వాళ్ళ బోర్డు రాస్తూ, వాళ్ళు అడక్కపోయినా చుట్టూ పువ్వులు వేసేశాను. షాపాయన వచ్చి, "ఇది చెప్పుల కొట్టా, పూల కొట్టా మాస్టారూ?" అన్నాడు. "మా అమ్మాయి బదిలీ మీద మన ఊరికే వచ్చేస్తోందయ్యా, మునిసిపల్ ఆఫీసులో రోడ్ల విభాగానికి ఆఫీసరుగా! ఈ పూటకి పువ్వులు భరించు" అన్నాను. భరించాడు.

ఎవరికీ చెప్పొద్దని రాశావు. ఎవరికీ చెప్పలేదు. పక్కింటి టీచరమ్మకి చెప్పాను, ఆవిడ పరాయిదేం కాదుగా. రొట్టెల బాబాయికి చెప్పాను, చిన్నప్పుడు నిన్ను భుజాన మోసినవాడాయె. ఇస్త్రీ ఆయన తనంతట తనే విన్నాడు. మిగతా వీధికి వాళ్ళు ముగ్గురూ చెప్పారు. ఇందులో నా తప్పేముంది చెప్పు?

మీ అమ్మ పోయాక నువ్వు దూరం ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయావు. ఇన్నేళ్ళూ ప్రతిసారీ నేనే బస్సెక్కి వచ్చి నిన్ను చూసి వెళ్ళాను. నువ్వు ఒక్కసారీ రాలేదు. రాలేదని నేనూ అడగలేదు. ఇప్పుడు ఆ దేవుడే ట్రాన్స్‌ఫర్ కాగితం మీద సంతకం పెట్టాడు! నీ గదిలోంచి నా రంగు డబ్బాలన్నీ బయటికి తీసేశాను. గోడకి నీలం వేశాను. తడి ఆరేలోపల ఈ లారీల దుమ్ము వచ్చి అంటుకుంది, చెయ్యి పెడితే గరుకుగా తగులుతుంది. అయినా నీలమే.

లారీలంటే గుర్తొచ్చింది. అప్పట్లోనే ఎక్కువ అనుకున్నాం, ఇప్పుడు మరీ మితిమీరిపోయాయి. ఊరవతల గోడౌన్లకి పోయే ప్రతి బండికీ మన వీధే అడ్డదారి. వీధి మొత్తం కలిసి మీ ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నాం. టీచరమ్మ రాసింది, మొదటి సంతకం నాది. ఇక నువ్వే వచ్చేస్తున్నావు కాబట్టి పని అయిపోయినట్టే!

ఎప్పుడొస్తావు?

గుమ్మంలో నిలబడి మెడ సాగిపోయిన
నాన్న

*

నాన్నా,

నువ్వు ఎవరికీ చెప్పకుండా ఎంతమందికి చెప్పావో చేరిన రోజే తెలిసింది. ఆఫీసు గేటు దగ్గర మనిషి నన్ను చూడగానే, "బోర్డుల మాస్టారి అమ్మాయి కదూ!" అని లేచి నిలబడ్డాడు.

నాన్నా, ఒక్క మాట చెప్తాను, కష్టపెట్టుకోకు. మీ అర్జీ మా విభాగంలోనే ఉంది. అది తేలేదాకా నేను ఆ వీధిలో కనపడడం బాగుండదు. ఆఫీసరు వాళ్ళింట్లో భోంచేసి వచ్చి వాళ్ళ వీధికి మేలు చేసిందంటారు. నువ్వు నా గదికి వచ్చినా అదే మాట పుడుతుంది. ఈ క్వార్టర్లలో చుట్టూ ఆఫీసువాళ్ళే. అర్జీ సంగతులు ఉత్తరాల్లో కూడా రాయొద్దు.

ఒకే ఊళ్ళో ఉండి పోస్టులో పలకరించుకోవడం నాకూ వింతగానే ఉంది. ఫోను చేస్తే నీ వెనక హారన్లే తప్ప నీ మాట వినపడదు. ఉత్తరమే నయం. నా కిటికీలోంచి ఆఫీసు బండ్లు కడిగే చోటు కనిపిస్తుంది. సాయంత్రం నీళ్ళ మోత ఆగాక ఏమీ తోచదు. నిన్ననే అన్నం మాడ్చాను. నువ్వుంటే ఆ మాడే బాగుందని గీక్కుని తినేవాడివి.

బెంగ పెట్టుకోకు. తేలిపోతుందిలే.

నీ గడుగ్గాయి

*

నా గడుగ్గాయికీ, రోడ్ల ఆఫీసరమ్మకీ, ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం!

ముందు కాస్త ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు. ఇంత దూరం వచ్చి గుమ్మం ఎక్కని పిల్లవైతివి కదా అనుకున్నాను. తర్వాత ఆలోచించుకున్నాను. నా కూతురు నీతిగా ఉంటే నేనేడవడమేమిటి? అర్జీ తేలితే కదా నువ్వొచ్చేది! అయితే తేల్చి పారేద్దాం. ఇక నన్ను ఆపేవాడు పుట్టలేదు.

అర్జీ సంగతి రాయొద్దన్నావు, అందుకే రాయను. రాయని సంగతి ఏమిటంటే, వీధి మొదట్లో పెద్ద బోర్డు రాసి పెట్టాను. 'ఇది అడ్డదారి కాదు, మా ఇళ్ళున్న వీధి. నెమ్మది!' అని. ఎర్ర అక్షరాలకి పసుపు నీడ ఇచ్చాను. చుట్టూ తీగలు. పైన రెండు నెమళ్ళు. ఒకదానికి మెడ కుదరక బాతులా వచ్చిందనుకో. మొత్తానికి నా చేత్తో ఇంత అందమైన బోర్డు ఇదివరకు రాయలేదు.

కొంప అక్కడే మునిగింది. వచ్చిన ప్రతి లారీ దాని ముందు ఆగి చూస్తోంది! వెనక బండ్లవాళ్ళు హారన్ల మీద పడుకుంటున్నారు. బండ్ల బారు మలుపు దాటి పోయింది. ఒక డ్రైవరు దిగొచ్చి, "తాతా, ఇలాంటి నెమలి నా బండి వెనక కూడా వెయ్యవా? ఆ మెడ పొడుగుదే కావాలి" అన్నాడు. టీచరమ్మ గోడ మీంచి తల పెట్టి, "మాస్టారూ, లారీలు పోకుండా చూడమన్నాం గానీ, వచ్చినవి ఇక్కడే కాపురం పెట్టేలా చూడమన్నామా?" అని కసిరింది. నెమళ్ళని చెరిపేయమంది. చేతులు రాలేదే అమ్మా. గోనె గుడ్డ కప్పాను.

ఇంకో కష్టం. అర్జీలో మిగిలిపోయిన సంతకం కోసం వెళ్తే రొట్టెల బాబాయి పెట్టనన్నాడు. "అన్నయ్యా, లారీవాళ్ళు తినే బన్నులతోనే నా పొయ్యి వెలుగుతోంది. ఈ సంతకం పెడితే అందులో నేనే నీళ్ళు పోసుకున్నట్టు" అన్నాడు. "నీ బన్నులకోసం మేం దుమ్ము తినాలా?" అన్నాను. "నా బన్ను తిని పెరిగిన నోరేనా ఇది!" అన్నాడు. మాటామాటా పెరిగింది. ఇప్పుడు పలుకుల్లేవు. పంతానికి బజారు చివరి కొట్లో రొట్టె కొంటున్నాను. అది రొట్టె కాదు, ఇటుక.

పంతం ఎలా ఉన్నా నా సంతోషం నాదే. నువ్వు పీల్చే గాలీ నేను పీల్చే గాలీ ఇప్పుడు ఒక ఊరిదే. ఎప్పుడొస్తావు?

నీ రాకకి రంగు కలుపుకుని కూర్చున్న
నాన్న

*

నాన్నా,

నీ ఉత్తరానికంటే ముందే నీ నెమళ్ళు మా ఆఫీసుకి వచ్చాయి. 'సదరు వీధిలో పక్షుల బొమ్మలు గల బోర్డు వలన రాకపోకలకు తీవ్ర అంతరాయం కలుగుచున్నది' అని లారీల సంఘం వాళ్ళు ఫిర్యాదు ఇచ్చారు. మా పెద్దాయన అది పైకి చదువుతుంటే నా పక్క సీటు ఆయన, "రెండోది బాతు సార్, నేను చూశాను" అన్నాడు. నేను దగ్గు వచ్చినట్టు నటించి బయటికొచ్చి గోడకి ఆనుకుని నవ్వాను. నవ్వి నవ్వి, ఆ నవ్వు చివర్లో ఎందుకో వేరేలా తిరిగింది. మంచినీళ్ళు తాగి లోపలికి వెళ్ళాను.

గోనె తీయకు. కానీ చెరపకు.

బాబాయితో పంతం వద్దు. ఆయన పొయ్యి కూడా ఆ వీధిదే కదా.

నీ గడుగ్గాయి

*

గడుగ్గాయికి,

నిన్న బండ్ల లెక్క రాసుకునేవాళ్ళు వచ్చారు. మీ ఆఫీసువాళ్ళే. మెరిసే కోట్లూ టోపీలూ వేసుకుని వీధి పొడుగునా నిలబడ్డారు. నువ్వూ వస్తావని తెల్లవారకుండానే గడ్డం గీసుకున్నాను. ఎవరూ వేలెత్తి చూపకుండా, నువ్వెవరో నేనెవరో అన్నట్టు ఉండాలని ముందే అనుకున్నాను. టీ కాచి పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఇస్తూ, ఒక్కో టోపీ కిందా చూసుకుంటూ వెళ్ళాను. ఒకమ్మాయి అచ్చం నీ ఎత్తే. వెనక నుంచి భుజాలు కూడా నీవే. "టీ తీసుకోండమ్మా" అన్నాను. ఇటు తిరిగితే ఎవరో. పాపం, మంచి పిల్ల. "మీరు కూర్చోండి తాతగారూ" అని గ్లాసు తనే అందుకుంది.

పొడుగాటి ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. చక్కెర లేకుండా తాగాడు. ఆయనతో చాలాసేపు మాట్లాడాను. మంచివాడు.

నువ్వు రాలేదు. పనులుంటాయి మరి.

అన్నం మాడకుండా ఉండాలంటే ఉడుకు రాగానే మంట తగ్గించాలి. మీ అమ్మ అలాగే చేసేది.

నాన్న

*

నాన్నా,

నీ ఉత్తరం చూసి భయమేసింది. అంత చిన్న ఉత్తరం నువ్వు ఎప్పుడూ రాయలేదు. చివర్లో 'ఎప్పుడొస్తావు' అని కూడా లేదు. వెనక్కి తిప్పి చూశాను, అక్కడా లేదు. ఒంట్లో బాగుందా? నిచ్చెన మీంచి గానీ పడలేదు కదా? దాచకు.

మొన్న మా ఆఫీసు మెట్ల పక్క గోడలకి రంగులు వేశారు. ఆ వాసన తగలగానే చేతిలో పని వదిలేసి వెళ్ళి అక్కడ నిలబడ్డాను. చిన్నప్పుడు నువ్వు సాయంత్రం లోపలికి రాకముందే నీ చొక్కా వాసన వచ్చేది గుర్తుందా? అమ్మ, "వచ్చాడమ్మా రంగుల రాజు, దేన్నీ ముట్టుకోనీకు" అనేది. ఎవరో, "ఏం కావాలి మేడం?" అని అడిగితే ఏం చెప్పాలో తెలీక, రంగు ఆరిందో లేదో చూస్తున్నానన్నాను.

నన్ను రమ్మని అడుగు నాన్నా. రాలేకపోయినా నువ్వు అడుగుతుంటే బాగుంటుంది.

నీ గడుగ్గాయి

*

నా బంగారు గడుగ్గాయికి,

నిచ్చెన మీంచి పడలేదు, నేల మీంచీ పడలేదు. గుండ్రాయిలా ఉన్నాను. అలవాటు లేని క్లుప్తత పాటించి చూశాను, నావల్ల కాలేదు. ఇదిగో, మళ్ళీ పేజీలు నింపుతున్నాను.

నాలుగు రోజుల కిందట కౌన్సిల్ హాల్లో సమావేశం పెట్టారు. ఆడా మగా అంతా కదిలాం. గోడౌన్ల తరఫున ఒకాయన లేచి, చుట్టూ తిరిగి వెళ్ళాలంటే డీజిలు ఎంత కాలుతుందో చెప్పాడు. టీచరమ్మ లేచి, పిల్లలు బడికి గోడవారన ఎలా పాకుతున్నారో చెప్పింది. చదువుకున్న మనిషి కదా, గడగడా చెప్పింది. రొట్టెల బాబాయి కూడా లేచాడు. వీడు మనకి అడ్డం తిరుగుతాడని నేను పళ్ళు కొరుకుతుంటే, "నా వ్యాపారం ఈ లారీలతోనే సార్. ఇవి పోతే నేను దెబ్బతింటాను. అది రాసుకోండి. కానీ మా వదినని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు నేను కొట్లోనే ఉన్నాను. అది కూడా రాసుకోండి" అని కూర్చున్నాడు.

తర్వాత నా వంతు. నా సంగతి నీకు తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పాల్సింది దారి పొడుగునా వల్లించుకునే వెళ్ళాను. లేచాను. ఒక్క ముక్క రాలేదమ్మా. హాలంతా నావంకే చూస్తోంది. చివరికి, "ఆంబులెన్సు పోయేలా ఉండాలి. ఇంకేమీ అడగను" అన్నాను. ఆ పొడుగాటి ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఒప్పుకున్నారు! పగటి పూట లారీలు బంద్! వీధి రెండు కొసలా ఎత్తున, రాత్రి మాత్రమే తెరిచే ఇనప కమ్మీ నిన్న అడ్డంగా పెట్టారు. లారీ కింద నుంచి దూరలేదు, ఆంబులెన్సు దర్జాగా పోతుంది. ఒక ఆంబులెన్సుని తెప్పించి మా ముందే పోనిచ్చి చూపించారు. చప్పట్లు కొట్టాం. నేను ఇంట్లోకి వెళ్ళి కాసేపు తలుపు వేసుకున్నాను.

ఎప్పుడొస్తావు? నువ్వడగమన్నావు కాబట్టి అడిగాను. తొందరేం లేదు.

నీ గుండ్రాయి
నాన్న

*

నాన్నా,

అర్జీ తేలిపోయింది. ఇక నాకు చెప్పుకోవడానికి సాకు లేదు.

ఆ ఫైలు ఎప్పుడూ నా దగ్గర లేదు. చేరిన రోజే మా పెద్దాయనకి మా నాన్న ఆ వీధిలోనే ఉంటాడని చెప్పాను. ఆయన అప్పటికప్పుడే దాన్ని ఇంకొకరికి ఇచ్చేసి, "దీనికింత ఆలోచనెందుకమ్మా, వెళ్ళి మీ నాన్నని చూసి రా" అన్నాడు. నేను ఆ సాయంత్రమే బయల్దేరాను. వీధి మలుపు దాకా వచ్చాను. ఒక లారీ వెనక్కి తిరుగుతోంది, హారన్లు మోగుతున్నాయి. నా కాళ్ళు ఆగిపోయాయి. ఇంకోసారీ వచ్చాను. అంతే. మన ఇల్లు కూడా కనిపిస్తోంది అక్కడి నుంచి.

ఆ రోజు ఆంబులెన్సు ఆ మలుపులోనే ఆగిపోయింది కదా. నువ్వు దిగి లారీల తలుపులు బాదుతూ పరిగెత్తావు. నేను లోపల అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నాను. అమ్మ కళ్ళు తెరిచి, "ఇంకా మన వీధేనా?" అంది. "దాటేశామమ్మా" అన్నాను. కాసేపాగి మళ్ళీ అడిగింది, "ఇంకా మన వీధేనా?" మళ్ళీ అదే చెప్పాను. బయట అవే హారన్లు, అద్దంలోంచి అదే గోడ. ఆ మాట నీకు ఇంతవరకు చెప్పలేదు. ఆ మలుపు దగ్గరికి వస్తే నాకు అదే వినిపిస్తుంది.

నీతి అన్నావు, మురిసిపోయావు. నీతి కాదు నాన్నా, పిరికితనం. కోప్పడు.

నీ గడుగ్గాయి

*

నా తల్లికి,

కోపమా? నీ మీదా? నాకు ముందే తెలుసే పిచ్చిదానా.

టీ ఇచ్చిన రోజున ఆ పొడుగాటి ఆయన్నే అడిగాను, "మీ ఆఫీసరమ్మ రాలేదా బాబూ?" అని. "ఈ ఫైలు మొదటి నుంచీ నాదే తాతగారూ" అన్నాడు. గ్లాసులు పట్టుకుని ఇంటికొచ్చి కూర్చున్నాను. రావడానికి అడ్డేమీ లేకపోయినా నా పిల్ల రావడం లేదంటే, వీధే అడ్డమన్నమాట. అది తెలిశాక నిన్ను రమ్మని ఎలా అడుగుతాను? అడిగితే ముల్లు మీద నడవమన్నట్టే కదా. అందుకే అడగలేదు. ముల్లే తీసేద్దామని కౌన్సిల్ హాలుకి వెళ్ళాను. వీధివాళ్ళంతా తమ కోసం అడిగారు. నేను నీ కాళ్ళ కోసం అడిగాను.

ఇక మీ అమ్మ మాట. ఆ మాట ఎందుకందో నాకు తెలీదు. నేను బయట ఉన్నాను. కానీ దానితో అన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి కాబట్టి ఒకటి చెప్తాను, నమ్మితే నమ్ము. బజారుకి పోయినా, 'మన వీధిలోకి వచ్చిపడ్డాం, ఇక ఫరవాలేదు' అనే మనిషి అది. భయపడి అడిగిందని నువ్వనుకుంటున్నావు. ఇంకా మన వీధిలోనే ఉన్నామంటే దానికి ధైర్యమేమో. దాటేశామని చెప్పినందుకు నువ్వు కుమలకు. చెయ్యి పట్టుకుని ఉన్నావు. ఆ పని నేను చెయ్యలేకపోయాను, నువ్వు చేశావు. అది చాలు నాకు.

ఇప్పుడు వీధి ఎలా ఉందో వింటావా? పగలు టీచరమ్మ ఇంట్లో పోపు చిటపటలు ఇక్కడికి వినపడుతున్నాయి! బ్రష్షు గోడ మీద నడుస్తుంటే చప్పుడవుతుందని ఈ వయసులో తెలిసింది. ఇస్త్రీ ఆయన పాడతాడు, దరిద్రంగా పాడతాడు, ఇన్నాళ్ళూ లారీలు మనల్ని కాపాడాయి. రొట్టెల బాబాయి బేరాలు తగ్గాయి. రోజూ రెండు పూటలా వెళ్ళి బన్ను తింటున్నాను. "సాయం చేస్తున్నావా, పొట్ట పెంచుతున్నావా అన్నయ్యా?" అంటాడు. పలుకులు వచ్చేశాయి.

నిన్ను ఇంటికి రమ్మనను. మలుపు దాకా రా, చాలు. రోజూ మీ ఆఫీసు వదిలే వేళకి నేనే రెండు కుర్చీలు తీసుకుని వచ్చి అక్కడ కూర్చుంటాను. ఇప్పుడు నడివీధిలో కుర్చీ వేసుకున్నా అడిగేవాడు లేడు! నీ కాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ కుర్చీలు వేద్దాం. ఇల్లు ఎక్కడికీ పోదు. నువ్వు రాకపోతే రాకపో, నేను గాలి పీల్చుకుని వస్తాను. నాకేం బాధ లేదు, నిజంగా చాలా సంతోషంగా ఉన్నాను.

నీ కుర్చీ పక్క కుర్చీలో
నాన్న

*

నాన్నా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. రొట్టెల బాబాయి చేతికిచ్చి పంపుతున్నాను.

మలుపు వైపు నుంచి రావడానికి ఇంకా ధైర్యం చాలలేదు. చుట్టూ తిరిగి, రెండో కొసన పిండిమర వైపు నుంచి వీధిలోకి వచ్చాను. నడుస్తూ ఉంటే ఎక్కడా ఆగాల్సిన అవసరం రాలేదు. ఇస్త్రీ ఆయన పాట నిజంగానే దరిద్రంగా ఉంది. టీచరమ్మ నన్ను చూసి చేతిలో చేట వదిలేసింది. గుమ్మం దాకా వచ్చేస్తే నువ్వు లేవు. "మీ నాన్న రోజూ ఈ వేళకి కుర్చీలు మోసుకుని మలుపు దగ్గరికి పోతాడమ్మా, నీ కోసమే" అంది ఆవిడ.

తలుపు తెరిచే పెట్టి వెళ్ళావు, ఎవరైనా వస్తే ఏం చేస్తావు? నేనే వచ్చాను అనుకో. లోపల దీపం పెట్టాను. అన్నం పొయ్యి మీద ఉంది, ఉడుకు వచ్చింది, మంట తగ్గించాను. నీ బల్ల మీద నీ కలంతోనే ఇది రాస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎప్పుడొస్తావని నువ్వు రాస్తూ వచ్చావు. ఈ ఒక్కసారికి నేను రాస్తాను.

నువ్వు లేని ఇంట్లో ఎంతసేపని కూర్చోను? కుర్చీలు బాబాయి మోస్తాడులే. నువ్వు లే, ఇంటికి రా నాన్నా.

నీ గడుగ్గాయి